అప్పీలు చేయని నూకరాజు

మా నూకరాజు ఇక లేడు. "ఎలిపోనారన్నయ్యా" అన్న ఒక్క మాట ఫోన్లో చెప్పి అతని భార్య సన్యాసమ్మ పెట్టేసింది. మా బొబ్బిలి నుంచి అతని ఊరు భావనపాడు దాకా బస్సులో ఏడుస్తూనే వెళ్లాను. పక్క సీటు పెద్దాయన "ఎవులు పోనారు బాబూ?" అని అడిగాడు. భారత జట్టుకు ఆడిన బౌలరని చెప్తే, పేరు విని కూడా ఆయన గుర్తుపట్టలేదు. తప్పు ఆయనది కాదు గానీ, ఆ క్షణంలో లోకం మీదే కోపమొచ్చింది.

గంగపుత్రుల ఇంట పుట్టిన నూకరాజు ఎడమచేతి స్పిన్నర్. నేను రైతుబిడ్డను, వికెట్ కీపర్ని. జిల్లా జట్టు మొదలు రంజీ దాకా అతను బంతి వేస్తే వికెట్ల వెనక కాచుకున్నది నేనే. ఒడ్డున తడి ఇసుకలో బంతి పైకి లేవదు కనుక, చిన్ననాడే గాలిలోనే బ్యాట్స్‌మన్‌ని తిప్పలు పెట్టడం నేర్చుకున్నాడు. "నేల ఎవులిదైతే మనకేటి బావా, గాలి మనదే కదా" అనేవాడు. నింపాదిగా లేచిన ఆ బంతి, బ్యాట్స్‌మన్ ఆశపడి ముందుకు అడుగేశాక, మనసు మార్చుకున్నట్టు చటుక్కున దిగిపోయేది. ఆ విద్య వెనుక ఎంత తపస్సు ఉందో దగ్గరగా చూసినవాణ్ణి.

అంతటి విద్వాంసుడు అప్పీలు మాత్రం చేసేవాడు కాదు. ఆటగాళ్లు అడగనిదే అంపైరు అవుటివ్వకూడదన్నది క్రికెట్ నియమం. విజయనగరంలో మేం కలిసి ఆడిన తొలి ఆటలో బంతి సరిగ్గా వికెట్ల ముందు బ్యాట్స్‌మన్ కాలికి తగిలింది. నూకరాజు తలొంచుకుని గడ్డి చూస్తున్నాడు. నేనే గొంతు చించుకుని అడిగితే అంపైరు వేలెత్తాడు.

"బెల్లం కొట్టిన రాయిలాగ నిలబడ్డావేట్రా?" అన్నాను తర్వాత.

"వల ఒడ్డుకి రాకుండా సేప పేరెత్తకూడదు బావా. ముందే నోరిప్పితే గంగమ్మ ఎనక్కి లాగేసుకుంతాది."

వాళ్ల పేటలో వల లాగేటప్పుడు పాటించే ఆచారాన్ని మైదానంలోకీ తెచ్చుకున్నాడు. నవ్వాను, తిట్టాను, లాభం లేకపోయింది. ఆనాటి నుంచి అతని అప్పీళ్లన్నీ నావే. 'నూకరాజు గొంతు బొబ్బిలిలో ఉంది' అని జట్టంతా ఆటపట్టించేది.

అతను భారత జట్టుకు ఎంపికైనప్పుడు భావనపాడులో పండగే. ఆ జట్టులో కీపర్ వేరే రాష్ట్రం వాడు. అతను ఆడిన కొద్ది టెస్టుల్లో చివరిదాన్ని నేను ఇంట్లో టీవీలో చూస్తున్నాను. అవతలి జట్టులో మేటి బ్యాట్స్‌మన్ ఇంకా కుదురుకోకముందే బంతి కిందికి దిగి కాలికి తగిలింది. కీపర్ సందేహంగా బౌలర్ వైపు చూశాడు. ఫీల్డర్లందరూ బౌలర్ వైపే చూశారు. నూకరాజు గడ్డి చూస్తున్నాడు. ఎవరూ అడగలేదు. టీవీ ముందు నిలబడి నేను వీధి అదిరేలా అరిచాను, ఏం ప్రయోజనం? ఆ బ్యాట్స్‌మన్ శతకం బాదాడు, ఆట చేజారింది. బంతి తిన్నగా వికెట్లకే వెళ్లేదని రీప్లేలో అందరూ చూశారు. తన బంతి మీద తనకే నమ్మకం లేనివాడన్న ముద్ర పడి, నూకరాజు మళ్లీ ఆ జట్టు మొహం చూడలేదు.

అతను ఇంటికొచ్చాక సముద్రపు ఒడ్డున అడిగాను. "ఆ ఒక్కసారికి అరిస్తే ఏం పోయేదిరా?"

కెరటాల వైపు తిరిగి అన్నాడు, "ఎనకాల నువ్వు లేవు కద బావా."

తర్వాత పోటు తగ్గాక తేలిన ఇసుక మీద ఒంటరిగా బంతులు వేసుకుంటూ ఉండేవాడు. ఆ బంతులకు అవతల ఎవరూ ఉండేవారు కాదు. చివరికి కడుపులో నొప్పి వస్తే కూడా ఎవరినీ సాయమడగలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికే చేయి దాటిపోయింది. సన్యాసమ్మ నాకు కబురంపుతానంటే వద్దన్నాడట.

శ్మశానానికి వెళ్లే దారిలో దింపుడుకళ్లం దగ్గర పాడె దించారు. పోయినవాడి చెవిలో పేరు పెట్టి పిలిచి, పలుకుతాడేమోనని చివరి ఆశతో చూస్తాం కదా. పిలవాల్సిన నూకరాజు అన్న నా భుజం పట్టుకున్నాడు.

"నువ్వే పిలు బావా. ఆడి తరపున అడిగినోడివి నువ్వే."

చెవిలో మెల్లగా పిలవడం నా వల్ల కాలేదు. మైదానంలో అరిచినట్టే అరిచాను. "నూకరాజూ!" అని మూడుసార్లు. నా జీవితంలో అంత గట్టిగా ఏ అంపైరునూ అడగలేదు. అందరూ కాసేపు ఆగారు. కెరటాల చప్పుడే వినిపించింది. మళ్లీ పాడె ఎత్తుకుని నడిచారు.