కిరణ్‌కుమార్ ఖాతాలో ఇంద్రాణి

ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్లలో ఇంద్రాణిని కూరగాయల బండివాడు "దీదీ" అంటాడు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు "షేర్ల ఆంటీ" అంటారు. రెండో పిలుపు వినబడితే ఆవిడ నడకే మారిపోయేది. మారదా మరి! శ్రీకాకుళం నుంచి వచ్చిన కొత్తలో హిందీలో ఉల్లిపాయలు అడగడానికి నోరు పెగలని మనిషి, ఇప్పుడు పొయ్యి మీద పప్పు ఉడికేలోగా షేర్లు కొని, మార్కెట్టు మూసేలోగా అమ్మేస్తోంది. డే ట్రేడింగంటే అదేనట. వీడియోలు చూసి తనంతట తానే నేర్చుకుంది.

చిక్కల్లా, ఆ షేర్ల ఖాతా ఆవిడది కాదు, మొగుడిది. భర్త కిరణ్‌కుమార్ ఆర్మీలో నాయబ్ సుబేదారు. యూనిట్‌లోకి ఫోను తీసుకెళ్లనివ్వరు కనుక ఇంట్లోనే వదిలి వెళ్లేవాడు. పాస్‌వర్డు కూడా చెప్పి, "నీ బుర్రే నయమే" అని మురిసిపోయేవాడు. మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏమిటనుకున్నారు ఇద్దరూ.

ఒకనాడు మధ్యాహ్నం భోజనానికి వచ్చిన కిరణ్‌కుమార్ కంచం ముందు కూర్చోలేదు. ఆ ఉదయమే యూనిట్‌లో అధికారి అందరికీ క్లాసు తీసుకున్నాడట. సర్కారు ఉద్యోగి షేర్లు కొని దాచుకోవచ్చు గానీ, రోజూ కొంటూ అమ్ముతూ ఉంటే అది సట్టా, అంటే జూదం కింద లెక్క. పైగా ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్లే నడపాలి, పాస్‌వర్డు ఇంకొకరికి ఇవ్వకూడదు.

"సుబేదారు ప్రమోషను లిస్టులో నా పేరుందే. ఇది బయటికొస్తే ఏటవుతాది?"

ఇంద్రాణి గబగబా చేతులు తుడుచుకుంది. ఫోను చూస్తే పొద్దున కొన్న షేరు పడిపోయి ఉంది. ఇంకాస్త ఆగితే లేచేదేమో. ఆగకుండా నష్టానికే అమ్మేసింది.

"పదండి, సాబుకి సెప్పేద్దాం."

"మనల్ని ఎవులూ అడగలేదు కదే!"

"అడిగినాక సెప్తే దొంగలమైపోతాం."

మర్నాడు ఇద్దరూ అధికారి ముందు నిలబడ్డారు. విషయం విని, రోజూ ఈ ట్రేడింగు చేసిందెవరని అడిగాడాయన. పెళ్లాం పేరు ఆ గదిలో పడటం ఇష్టంలేక కిరణ్‌కుమార్ అంతా తనే చేసినట్టు "మైనే కియా సాబ్" అనేశాడు. ఇంద్రాణికి ఒళ్లు మండింది. కళ్లు పోయేలా వీడియోలు చూసి తను నేర్చుకున్న విద్యను ఈయన తన నెత్తిన వేసుకోవడమేమిటి!

"నహీ సాబ్. ఇన్‌కో బేచ్‌నా భీ నహీ ఆతా. మైనే కియా."

అమ్మడం కూడా రాని మనిషి ఇదంతా ఎలా చేస్తాడని ఆవిడ వాదన. అధికారి నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత మాత్రం గట్టిగానే మందలించాడు. తమంతట తామే వచ్చి చెప్పారు కనుక హెచ్చరికతో సరిపెట్టాడు.

ఆ తర్వాత ఇంద్రాణి, ఇంట్లో చేసే కుట్టుపని డబ్బులతో తన పేరునే ఖాతా తెరిచింది. ముందుముందు ధర మీద పందెం కాసే ఫ్యూచర్స్ కూడా కావాలంటే ఆదాయానికి రుజువు పెట్టమంది యాప్. మొగుడి జీతం కాగితం పెట్టేయమని పక్కింటి కల్పన సలహా ఇచ్చింది. "వద్దులే. అంత తొందరేటి?" అని ఇంద్రాణి ఆ ఊసే వదిలేసింది. మొదటి పాఠం మంటే ఇంకా తగ్గలేదు. ఇప్పుడు షేరు కొంటే నెలల తరబడి ఉంచుతోంది.

కిరణ్‌కుమార్ సుబేదారు అయిన రోజున అతని భుజానికి కొత్త నక్షత్రం తొడగడానికి ఇంద్రాణిని పిలిచారు. అధికారి కావాలనే అందరూ వినేలా అడిగాడు, ఇప్పుడు ఖాతా ఎవరిదని.

ఆవిడ వేళ్లు నక్షత్రం మీదే ఉన్నాయి, తల మాత్రం పైకెత్తింది.

"మేరా, సాబ్."