ఏడు రేకులు, ఒక వీసా

నాలుగు స్క్రూలు విప్పి ఒక మనిషి దుబాయ్ ప్రయాణాన్ని ఆపేసిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, పరవాలేదు. నా దోస్తు యూసుఫ్ ఉన్నన్నాళ్లూ ఈ కథ తనే చెప్పి అందరినీ నవ్వించేవాడు.

ఎనభైల నడుమ, మా తాండూరులో జరిగిన సంగతి. మా ఇద్దరికీ ఇరవై దాటలేదు. వికారాబాద్‌లో ఉండే వాళ్ల అక్క భర్త, అంటే యూసుఫ్‌కు దుల్హేభాయ్, దుబాయ్ నుంచి సెలవు మీద వస్తూ ఒక వీడియో గేమ్ తెచ్చాడు. దానికి టీవీ అక్కర్లేదు, తెర దానికే ఉంది. గోడ కరెంటును దానికి సరిపడా తగ్గించే నల్లడబ్బాను ఎలిమినేటర్ అనేవాళ్లం.

"రెండు దినాలు తాండూర్‌ల పెట్టుకో. తీస్కపోయినట్లనే తెచ్చియ్యి. నీ జిమ్మేదారి చూసినంక వీసా సంగతి మాట్లాడ్త," అన్నాడట ఆయన.

రెండో రోజు పొద్దున ప్లగ్గు పెడితే గేమ్ వెలగలేదు.

"కరెంట్ ఉన్నదారా?" అన్నాను.

"పక్కన మెషీన్ మోత ఇనవడ్తలేదా? చెవులల్ల రాయిపొడి పోయిందా?"

మా వీధిలో కరెంటు ఉందో లేదో ఎవరూ స్విచ్చి వేసి చూడరు. పక్క పాలిషింగ్ యూనిట్‌లో బండలు అరిగే మోత వినిపిస్తే ఉన్నట్టు, ఆగితే పోయినట్టు. ఆ రోజు మోత దివ్యంగా ఉంది. కాబట్టి తప్పు డబ్బాదే, దాంట్లోకి రాయిపొడి పోయింది అని తీర్పు చెప్పాను. గ్రంథాలయంలో రేడియో రిపేరు పుస్తకం సగం చదివినవాణ్ణి మరి. రెండో సగం ఎవరో చింపుకుపోయారు. విప్పడం మొదటి సగంలోనే ఉంది.

"సాయంత్రం బండికి పోవాలె. దుల్హేభాయ్ స్టేషన్‌కే వస్తడు. జర చూసి చెయ్యి," అన్నాడు యూసుఫ్.

విప్పాను. లోపల నిజంగానే పొడి ఉంది. తీగచుట్ట మధ్యలో సన్నని ఇనుప రేకులు దొంతరగా బిగించి ఉన్నాయి. ఒక్కొక్కటే లాగి, కిరసనాయిలుతో కడిగి, బండ మీద ఎండబెట్టాను. తిరిగి దూర్చేసరికి ఏడు రేకులు మిగిలాయి. ఖాళీ మాత్రం మిగల్లేదు.

"గివేంది?"

"కొసరు ఏసిన్రు."

"కొసరెయ్యనీకి గివి కందులారా?"

అంతలో వాళ్లమ్మ వచ్చింది. "కరెంట్ వస్తే జర చెప్పున్రి బేటా. పొద్దటిసంది లేదు."

"మెషీన్ నడుస్తున్నది గద, చాచీ!"

"సేటు నిన్న డీజిల్ ఇంజన్ తెచ్చిండు. ఊరంత పోయి చూసొచ్చిన్రు. మీరే ఆటల వడి పోలే."

మేమిద్దరం మొహాలు చూసుకుంటుండగానే లోపలి గదిలో రేడియో దానంతటదే మాట్లాడటం మొదలెట్టింది. కరెంటు వచ్చింది.

"పెట్టు," అన్నాడు యూసుఫ్, కళ్లు మూసుకుని.

పెట్టాను. ఠప్పుమంది. రేడియో మాట మధ్యలోనే ఆగిపోయింది. డబ్బాలోంచి పొగ తీరిగ్గా లేచింది.

సాయంత్రం వికారాబాద్ స్టేషన్‌కు నేనూ వెళ్లాను. దుల్హేభాయ్ కాలిన డబ్బాను వాసన చూశాడు. నేను కాగితం పొట్లం అందించాను.

"ఇవేంటివి?"

"మిగిలినయ్, భాయ్‌సాబ్."

ఆయన పొట్లం తిరిగి నా చేతిలోనే పెట్టి, యూసుఫ్ వైపు తిరిగాడు. "గింత డబ్బ సంభాళియ్యనోనివి, అరబ్బు దుకాణం ఏం సంభాళిస్తవ్?"

వీసా రాలేదు. యూసుఫ్ తాండూరులోనే ఉండిపోయాడు. ముప్పై ఏళ్లు మా ఇంటికి రెండిళ్ల అవతలే కాపురం. రోజూ సాయంత్రం వచ్చి, నా చాయ్ తాగుతూ నన్ను తిట్టేవాడు. నేను చేసిన రిపేర్లలో పనికొచ్చింది అదొక్కటే.

అయినా సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను: బల్బు వేసి చూడనిదే ఇక ఏ స్క్రూనూ ముట్టను.