డాక్టరు గారు మూత బిగించారు

పొద్దున తొమ్మిదింటికి ఇంజన్ డాక్టరు పికప్ రేడియేటర్‌లోని పాత కూలెంటును నేరుగా మురిక్కాలవలోకి వదిలాడు. డాక్టరన్నది తనకు తానే తగిలించుకున్న పేరు. చెవిలో స్క్రూడ్రైవర్ తిప్పుకుంటూ, దారిన పోయేవాళ్లకు మిగతా మెకానిక్కుల చేతగానితనం వినిపించడమే అతని పనిలో ముప్పాతిక భాగం. బండి చెల్లెలి మొగుడిది. ఆ ఇంటికి అదొక్కటే ఆధారం. వెనక పాల క్యాన్లున్నాయి. డాక్టరు కొత్త కూలెంటు అంచుదాకా పోసి, మూత బిగించి, చేతులు దులుపుకున్నాడు.

“ఇంజన్ కాసేపు నడిపి, లోపలి గాలి పోయాక మళ్లీ నింపాలంటారు కదా బావా?” అన్నాడు పక్కనే ఉన్న చెల్లెలి మొగుడు.

“నువ్వు పాలు పోసుకో బావా, వైద్యం నాకొదిలెయ్.”

షెడ్డు ముందు బెంచీ మీద కూర్చున్న నలుగురూ నవ్వారు. బావ చెప్పింది నిజమేనని, గాలి మిగిలితే ఇంజన్ వేడెక్కిపోతుందని డాక్టరుకు తెలుసు. అయితే పాలవాడు గుర్తుచేశాక మూత తీస్తే పరువేం కాను? తీయలేదు.

నాలుగో కిలోమీటరు దగ్గర బండి ఆవిర్లు కక్కి ఆగిపోయింది. ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చేసరికి పాలు విరిగాయి. ఇంజన్ హెడ్డు పగిలింది. చెల్లెలి మొగుడు క్యాన్లు ఒక్కొక్కటే దించి విరిగిన పాలు కాలవలో పారబోశాడు. డాక్టరు లోపలికి తొంగిచూసి, బెంచీ వైపు తిరిగి గట్టిగా అన్నాడు:

“నా చెయ్యి పడబట్టి నాలుగు కిలోమీటర్లైనా నడిచింది!”