సముద్రంలో అమ్మ దాచిన నీళ్లు

ఈ రోజు పొద్దున చీరాల దగ్గర సముద్రంలో మేం మునిగిపోవలసింది.

మాది మర్రిగూడ, తాగే నీళ్లకు బిందెలు పట్టుకుని బారులు తీరే ఊరు. సెలవులకు అమ్మను, నా భార్యను ఇక్కడికి తీసుకొచ్చి, చేపలు పడదామని చిన్న పడవ మాట్లాడాను. గంటలో రెండు చేపలు పడ్డాయి. బకెట్లో వేసి, కెమెరాలో మిగిలిన రీలంతా వాటికే ఖర్చు పెట్టాను. ఇంతలో ఒక పెద్ద అల పడవలోకి విరుచుకుపడింది. పాదాలు మునిగాయి. మా ముగ్గురిలో ఎవరికీ ఈత రాదు.

"నీళ్లు తోడెయ్యండి బాబూ!" అని పడవాయన అరిచాడు. నేను అంచు పట్టుకుని బిగుసుకుపోయాను. అమ్మ మాత్రం టిఫిన్ గిన్నెతో గబగబా తోడుతోంది. ఎంత తోడినా పడవ తేలికపడదు. చూద్దును కదా, చుక్క ఒలకకుండా బకెట్లో పోస్తోంది! అది నిండితే, అన్నం డబ్బాలోకి.

"అమ్మా, బయట పారబొయ్యి!" అన్నాను ఏడుపు గొంతుతో.

"గిన్ని నీళ్లు ఎట్ల పారబోస్తం కొడుకా?" అంది, అంత భయంలోనూ.

పడవాయన బకెట్ లాక్కుని సముద్రంలో కుమ్మరించాడు. మా రెండు చేపలూ దాంతోనే పోయాయి.

ఎట్లాగో ఒడ్డున పడ్డాం. ఇప్పుడు లాడ్జిలో నేను కళ్లు మూస్తే చాలు, ఆ అలే కనిపిస్తోంది. అమ్మేమో కారుతున్న కుళాయి కింద చెంబు పెట్టి వచ్చి కూర్చుంది. మళ్లీ పడవెక్కే లోపు ఆమెకు ఈత నేర్పాలా, నీళ్లు పారబోయడం నేర్పాలా? మీరే చెప్పండి.