ఒకే మందు, రెండు కళ్ళు

చిరిగిన కోటును అతుకు కనబడకుండా దారాలతో అల్లిపెట్టే పనిలో పెద్దకోడలిని మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. ఆ మాట ఆమే అందరికీ చెప్పేది. తోడికోడలికి ఆ పని నేర్పింది తనేనని కూడా కలిపి చెప్పేది.

ఓ ఉదయం తోడికోడళ్ళిద్దరూ తమ దుకాణానికి వెళుతుంటే బస్సు డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు. ముందు సీటు కడ్డీ ఇద్దరికీ కుడి కనుబొమ మీదే తగిలింది. దెబ్బ మానింది గాని ఆ కళ్ళకు చూపు మసకబారింది. కంటి నుంచి మెదడుకు పోయే నరం దెబ్బతిందని చెప్పి, డాక్టరమ్మ గ్లకోమా అనే కంటిజబ్బుకు వాడే చుక్కల మందే ఇద్దరికీ రాసింది.

"మిగిలిన నరాన్ని కాపాడుతుందేమో, తెగిన పోగులు మళ్ళీ చిగురిస్తాయేమో చూద్దాం. ఆశే గాని హామీ ఇవ్వలేను. ఎవరికి గుణం లేకపోతే వాళ్ళకు ఆపేస్తాను."

చలికాలం వచ్చేసరికి చిన్నకోడలు ఎడమకన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించింది. పెద్దామె ఓర్వలేకపోయింది.

"నీకు మంచి సీసా దొరికిందే!"

"రెండూ ఒకటే మందక్కా."

"ఆ, ఒకటే! నువ్వు పెట్టి పుట్టావు మరి."

సీసాలు కలిసిపోకుండా, గిరాకీల బట్టలకు కట్టినట్టే, చిన్నది తన సీసాకు పచ్చదారం, అక్క సీసాకు ఎర్రదారం కట్టింది. ఆమె నీళ్ళకు వెళ్ళిన సందు చూసి పెద్దామె ఆ దారాలు విప్పి ఒకదానిది ఇంకోదానికి కట్టింది. చిన్నది తిరిగొచ్చి, సీసా అందుకుని, వేలితో తడిమి ఆగిపోయింది.

"అక్కా, దారం నాదే. ముడి నీది."

తిట్టినా బాగుండేది. పెద్దామె మంచి సీసా అనుకున్నదాన్ని చిన్నది ఆమె వైపే జరిపి, "నువ్వే వేసుకో" అంది. దాంతో పెద్దామెకు ఇంకా మండింది.

మళ్ళీ పరీక్షకు వెళ్ళారు. చిన్నది పెద్ద అక్షరం ఒక్కటే చదివి ఆగింది.

"అంతకుమించి కనబడటం లేదండీ."

పెద్దామెకు అర్థమైపోయింది. తన కోసమే ఓడిపోతోంది! గెలిస్తే సహించవచ్చు, ఈ జాలిని ఎలా మింగడం?

"అబద్ధమమ్మా! నిన్న ఆ కంటితోనే నల్లకోటు మీద నల్లదారం అల్లింది. మందు ఆపేస్తారే పిచ్చిమొహమా, చదువు!"

చిన్నది చదివింది. వరస వెనక వరస చదువుతుంటే పెద్దామెకు ఒక్కో అక్షరం సూదిలా గుచ్చుకుంది. తన వంతు వచ్చినప్పుడు పై అక్షరం దగ్గరే ఆగిపోయింది.

డాక్టరమ్మ ఆమె నరం ఫోటో చూసి, "పెరగలేదు. కాని ఇంకా సన్నబడనూ లేదు. మీకూ కొనసాగిద్దాం" అంది.

మెట్ల దగ్గర చిన్నది అక్క చెయ్యి పట్టుకుంది.

"వదులు. ఒంటికంటితోనైనా నీకంటే బాగా అల్లుతాను."

"అల్లుతావక్కా."

అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు కూడా పెద్దామెకు ఒళ్ళు మండింది. చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.