నార్పోలి షెడ్డుకు కొత్త కంట్రోలర్

సాయంత్రం సికింద్రాబాదులో ముంబయి రైలెక్కాను. బట్టల సంచి సీటు కింద, అట్టపెట్టె ఒళ్ళో. పెట్టెలో నేను చేత్తో చేసిన సోలార్ కంట్రోలర్ ఉంది. దాన్ని కింద పెట్టడానికి మనసొప్పలేదు.

ఎదురు సీటాయన కాల్హేర్ గోదాముల్లో హమాలీ. పెట్టెలోంచి తొంగిచూస్తున్న వైర్ల వంక అనుమానంగా చూశాడు.

"అన్నా, గిదేంది? బాంబు గింబు కాదు గద?"

అడగడమే పాపం, మొదలుపెట్టాను. మా అక్కా బావా ముంబయి దగ్గర నార్పోలిలో నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతారు. రెండు నెలల కిందట వాళ్ళ షెడ్డు రేకుల మీద సోలార్ పలక బిగించి, లోపల గోడకు కంట్రోలర్, బ్యాటరీ, కరెంటు పోతే వెలిగే రెండు బల్బులు పెట్టి వచ్చాను. దీపం నిలవడం లేదని అక్క ఫోన్ చేస్తే, మార్చడానికి ఇంకో కంట్రోలర్ చేసి తీసుకెళ్తున్నాను. మబ్బు పట్టినా ఎండ మండినా, పలక నుంచి ఎంత కరెంటు లాగితే ఎక్కువ శక్తి దక్కుతుందో కంట్రోలర్ క్షణక్షణం వెతుక్కుంటుంది. సాంచా మీద పోగులు వదులైతే బట్ట సరిగా రాదు, మరీ బిగిస్తే తెగుతాయి. ఇదీ అంతే, సరైన బిగువు పట్టాలి! తలెత్తి చూస్తే ఆయన గురక పెడుతున్నాడు. ఏం మనిషండీ!

ఉదయం పదింటికి కల్యాణ్. స్టేషన్ బయట వడాపావ్ తిని, షేర్ రిక్షాలో నలుగురి మధ్య ఇరుక్కుని నార్పోలి చేరాను. దిగకముందే సాంచాల మోత చెవులు గింగురుమనిపించింది.

బావ గడపలోనే అందుకున్నాడు. "ఏం బామ్మర్దీ, నీ దీపం అర్ధగంటల ఆరిపోతుంది. ఇయ్యాల గూడ ఆరిందనుకో, అన్నీ ఊడదీస్కొని పో. మళ్ళ గాసునూనె దీపమే పెట్టుకుంటం."

అక్కడ కరెంటు పోయినప్పుడే అక్కకు పని. ఆగిన సాంచా మీద పాత పోగులకు నూలు చుట్టిన కొత్త భీము పోగులు ఒక్కొక్కటే అతకాలి, కరెంటు వచ్చేసరికి సాంచా సిద్ధంగా ఉండాలి. కిందటి చలికాలం ఆ కిరోసిన్ దీపం ఒరిగి దూది నుసి అంటుకుని అక్క మోచేయి కాలింది. ఆ దీపం మళ్ళీ రావడమా? వీల్లేదు!

రేకులెక్కి చూశాను, పలక తళతళలాడుతోంది. తీగలు బాగున్నాయి. ఇక తప్పు కంట్రోలర్‌దే అనుకుంటూ లోపలికొచ్చి చూద్దును కదా, గోడ మీది పెట్టెకు మూడు పొరల కోరా బట్టతో గలీబు! నాలుగు వైపులా నాడాలు, పైన కుంకుమ బొట్టు.

"నుసి పోయి పాడైతదని నేనే కుట్టిన తమ్మీ," అంది అక్క మురిసిపోతూ. "మంచిగున్నదా?"

విప్పి ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. ట్రాన్సిస్టర్లు వేడెక్కితే కాలిపోకుండా ఛార్జింగ్ తగ్గించే ఏర్పాటు నేనే పెట్టాను. అది బుద్ధిగా తగ్గించింది. బ్యాటరీకి కడుపు నిండలేదు. నాకు నవ్వాగలేదు.

"అక్కా, ఎండాకాలం దీనికి దుప్పటి కప్పినవ్!"

అక్క ముఖం చిన్నబోయింది. "అయ్యో, నా చేతులతోనే ఆర్పుకున్ననా!"

"ప్రేమగా చూసుకున్నవ్, గంతే," అన్నాను. పాత పెట్టెనే బయట, చూరు కింద నీడలో, గాలి తగిలేలా బిగించాను. మీటరు ముల్లు లేచింది. ఎగిరి గంతేశాను. బావ మాత్రం మీసం కూడా కదపలేదు.

సాయంత్రం ఆరింటికి కరెంటు పోయింది. వాడంతా ఒక్కసారి మూగబోయింది. మా షెడ్డులో మాత్రం రెండు బల్బులు తెల్లగా వెలిగాయి. అక్క పోగులందుకుంది. అర్ధగంట దాటింది. గంటయింది. చివరి పోగు అతికి అక్క నడుం నిలబెట్టేసరికి కూడా బల్బులు వెలుగుతూనే ఉన్నాయి.

"ఊడదియ్యకు తియ్," అన్నాడు బావ.

చూడవచ్చిన పక్క షెడ్డు రాజన్న కొత్త కంట్రోలర్ మీద చెయ్యేశాడు. "గిది నాకిచ్చి పో తమ్మీ. పలక నేను దెచ్చుకుంట."

మర్నాడు పొద్దెక్కాక అక్క రొట్టెలు మూటకట్టి ఇచ్చింది. ఖాళీ ఒడితో కల్యాణ్‌లో రైలెక్కాను. లోనావ్లా దాటాక ఆకలేసి మూట తీస్తే, అది ఆ గలీబే! నాడాలు విప్పాను. రొట్టెలు ఇంకా వెచ్చగా ఉన్నాయి.