అమ్మోరి జడ

మీరు పనిచేసే చోట ఎవరి చెయ్యయినా నలిగితే, మీ నోట వచ్చే మొదటి మాట ఏమిటి? "ఎలా చేసుకున్నాడు?" అనే కదా? కావాలని చేసుకున్నట్టు! నేనూ అదే అడిగేవాణ్ణి. అడగడమే కాదు, రాసేవాణ్ణి కూడా.

చీపురుపల్లి దాటాక ఒక గోగునార మిల్లు ఉండేది. అందులో నేను టైమాఫీసు గుమాస్తాని. ప్రమాదాల రిజిస్టరు నా బల్ల సొరుగులో ఉండేది. అందులో చివరి గడి 'కారణం'. నా ముందున్న గుమాస్తా ఆ గడి నిండా 'అజాగ్రత్త' అని రాసుకుంటూ పోయాడు. నేనూ అలాగే రాశాను. సాయంత్రం సభల్లో మూఢనమ్మకాల మీద గంటసేపు విరుచుకుపడేవాణ్ణి. పగలు నా చేత్తో రాసే ఆ ఒక్క మాటను మాత్రం ఏనాడూ ప్రశ్నించలేదు.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ముక్కుకు నూనె తడిసిన నార వాసన తగులుతుంది. సైరన్ కూసేసరికి అందరి కనుబొమల మీదా నార ధూళి పేరుకుని, కుర్రవాళ్ళు కూడా ముసలివాళ్ళలా గేటు దాటేవారు. మధ్యాహ్నం గోడ నీడన కూర్చుని చోళ్ళ అంబలి తాగేవాళ్ళం. ఎవరి గిన్నెలో ఎండుచేప ఉంటే వాడి చుట్టూ అందరం చేరేవాళ్ళం.

ఆ నీడన నా పక్కన కూర్చునేవాడు మా అమ్మ తమ్ముడు, మా మావ. నార దువ్వే మిషను మీద పని ఆయనది. ముళ్ళున్న రోలర్ల మధ్యకు నార అందించాలి. ఒక్కోసారి నార రోలరుకు చుట్టుకుపోతుంది. అప్పుడు మిషను ఆపి, దాన్ని పీకి తీయాలి. ఒక వానాకాలం మధ్యాహ్నం మావ ఆపకుండానే చెయ్యి పెట్టాడు. కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి.

మిల్లంతా ఒకటే మాట. "ఇంట్లో కూతురు నీళ్ళాడి నాలుగు రోజులు కానేదు. పురిటి మైలతో మిల్లులోకొచ్చినాడు. అమ్మోరు ఊరుకుంటాదేటి?" అన్నాడు మేస్త్రీ. మేనేజరు అంత కూడా ఆలోచించలేదు. "అజాగ్రత్త అని రాసి పట్రా," అన్నాడు. ఆ మాట రాస్తే మావకు మిల్లు గేటు మూసుకున్నట్టే. ఆయనకు మరో పని రాదు.

మొదటిసారి నా కలం కదల్లేదు. మావ ఇంటికి వెళ్ళాను.

"మిషను ఆపకుండా చెయ్యెందుకు పెట్టావు మావా?"

"ఆపాలంటే అమ్మోర్ని లాగాల కదరా."

మొదట నాకు అర్థం కాలేదు, తర్వాత తట్టింది. మిల్లులో ఆ మిషను అవతల గోడవార ఒక ఇనప కడ్డీకి పసుపు పూసి, ఎర్రగుడ్డ చుట్టి, గాజులు తొడిగి, అమ్మోరని మొక్కేవారు. దాన్ని వెక్కిరిస్తూ నేనెన్నో మాటలన్నాను. అసలు ఆ కడ్డీ ఎందుకుందో మాత్రం ఎవర్నీ అడగలేదు. మిషను ఆపే హేండిలు అదే!

"లాగొచ్చుగా?"

"నూనె సేతుల్తోనా? పురిటి మైల్తోనా? నీకేటి, నీకు దేవుడు లేడు. నాకు ఇంటికాడ పసిగుడ్డు ఉన్నాది."

మైలతో వచ్చాడని అమ్మోరు కొట్టిందన్నారు. మైల ఉందని ఆమెను ముట్టుకోకపోవడం వల్లే ఆయన వేళ్ళు పోయాయి. నా ఒళ్ళు మండిపోయింది. మర్నాడు కట్టుతో ఉన్న మావను వెంటబెట్టుకుని మిల్లుకు పోయి, ఆ గుడ్డ పీకబోయాను.

"ఆగరా అల్లుడా! నువ్వు పీకితే రేపు మళ్ళీ కడతారు. పసుపు ఎవుడు పూసాడని ఎగురుతన్నావు గానీ, ఆ కడ్డీకే ఎందుకు పూసారని అడగవేటి? ఇటు రా. నా తావులో నిలబడు. సెయ్యి సాపు. అందిందేటి?"

అందలేదు. మిషను చుట్టూ తిరిగి ఆరడుగులు వెయ్యాలి.

"నాను సేరిన కాణ్ణుంచీ అందనేదు. నడిసెల్లేసరికి నార బిగిసి బెల్టు తెగిపోతాది, మేస్త్రీ బూతులు లంకించుకుంటాడు. అందుకే ఎవుడూ ముట్టడు. ముట్టరు గనకే అమ్మోరయినాది. రోజుకి పదిసార్లు లాగే కడ్డీకి గాజులెవుడు తొడుగుతాడ్రా?"

నేను నమ్మకం దగ్గర ఆగిపోయాను. అక్షరం రాని మావ అక్కడ ఆగలేదు, ఇంకొక 'ఎందుకు' అడిగాడు. అన్ని సభల్లోనూ నాకెవరూ నేర్పని పాఠమది.

'మిషను ఆపే హేండిలు పనివాడి చేతికి అందదు' అని రిజిస్టరులో రాశాను. మేనేజరు చూసి, "అజాగ్రత్త ఏదయ్యా?" అన్నాడు.

"ఉంది సార్. కాకపోతే అది మనది."

తిట్టాడు. అయినా మావ తావులో నిలబడి చెయ్యి చాపమంటే చాపాడు. అందలేదు. కాసేపు ఆ చేతినే చూసుకుని, ఫిట్టర్ని పిలిపించాడు.

ఫిట్టరు ఆ హేండిలుకు తాడు కట్టి, కప్పీ మీదుగా తెచ్చి, పనివాడి తలకు జానెడు దూరంలో వేలాడదీశాడు. లాగితే మిషను ఆగుతుంది. దానికి మిల్లంతా 'అమ్మోరి జడ' అని పేరు పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. మావ నవ్వాడు. "జడ లాగితే అమ్మోరు తిడతాదేమో గానీ సెయ్యి నమలదురా!"

గేటు తెరుచుకుంది. మావ మూడు వేళ్ళతో తిరిగొచ్చి, రోజూ పొద్దున్నే ఆ తాడు లాగి చూశాకే నార ముట్టేవాడు.

ఆ మిల్లు ఇప్పుడు లేదు. ఆనాటి పసిగుడ్డు ఇప్పుడు ఒక మందుల కంపెనీలో సూపర్‌వైజరు. మొన్న తాత దగ్గర కూర్చుని, "ఒకావిడ కంట్లో మందు పడింది తాతా. అద్దాలు పెట్టుకోలేదు, ఆవిడ తప్పే," అంది.

మావ ఆ మూడు వేళ్ళతోనే దాని నెత్తి మీద మొట్టాడు. "ఎందుకెట్టుకోలేదో అడిగినావేటే?"

అది అడగలేదు. మీరైనా అడగండి. రేపు పనిలోకి వెళ్ళగానే, దెబ్బ తగిలిన మనిషి నిలబడిన తావులో మీరు నిలబడండి. చెయ్యి చాపండి. ఆపే మీట అందకపోతే, మీ రిజిస్టరులో 'అజాగ్రత్త' అన్న మాటను మీ చేత్తోనే కొట్టెయ్యండి. ఆ మీట చేతికి అందేదాకా మిషను తిరగనివ్వకండి.